ఇంజిను ఆపి అడుగు

దగ్గరికి జరగండర్రా. ధనుర్మాసం చలి, కొండ మీంచి గాలి దిగిందంటే ఎముకలు కొరుకుతుంది. ఆ కొబ్బరిమట్టలు ఇంకో రెండు మంటలో పడీండి. పొద్దున్న మీలో ఎవడో అడిగాడు, బండికి గేరు పడకపోతే తాత స్పానరు ముట్టుకోడేటి, ముందు ఇంజిను ఆపమంటాడేటి అని. చెప్తాను. కానీ ఆ మాట నాది కాదు, మా మేస్త్రిది. ఆయన సంగతి చెప్పకుండా అది చెప్తే మీకు సగమే అర్థమవుతుంది.

యారాడకి మూడు పక్కలా కొండ, నాలుగో పక్క సముద్రం. మా చిన్నతనంలో మల్కాపురం పోవాలంటే కాళ్లే బళ్లు. ఆడోళ్లు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని చీకటితోనే కొండెక్కేవారు. కొండకి ఇవతల మేం ఇలాగుంటే అవతల లోకం వేరు. 1933లో విశాఖపట్నం రేవు తెరిచారు. 1941లో సింధియా కంపెనీ వాళ్లు ఓడలు కట్టే యార్డుకి పునాది వేశారు. అక్కడ కట్టిన ‘జల ఉష’ ఓడని 1948లో నెహ్రూగారొచ్చి నీళ్లలోకి వదిలారు. 1957లో కాల్టెక్స్ వాళ్ల చమురు శుద్ధి కర్మాగారం మొదలైంది. ఇన్నింటికీ సామాను మొయ్యాలంటే లారీలు కావాలి, లారీలుంటే షెడ్లు కావాలి. మల్కాపురం రోడ్డు పక్కన అలాంటి ఒక రేకుల షెడ్డులో నన్ను మా నాన్న వదిలీసి వచ్చాడు. నా పని లాంతరు పట్టుకోవడం, జాకీ తిప్పడం, కిరసనాయిలుతో సామాను కడగడం.

అప్పటి లారీల్లో చాలావాటికి గేరు వెయ్యడమంటే ఒక విద్య. క్లచ్చి తొక్కి గేరు న్యూట్రల్లోకి తెచ్చి, క్లచ్చి వదిలి, ఇంజినుని ఓ రవ్వ రేసు చేసి, మళ్లీ తొక్కి కింద గేరులో వెయ్యాలి. డబుల్ క్లచ్చనేవాళ్లం. వేగం కుదరకపోతే గేరు పళ్లు ఒకదాన్నొకటి కొరికిన చప్పుడు అర ఫర్లాంగు దూరం వినబడేది. ఇప్పుడు మీ పికప్పుల్లో ఆ బాధ లేదు. లోపల ఇత్తడి రింగులుంటాయి. కదిలే బస్సెక్కేవాడు ముందు దాంతోపాటు నాలుగడుగులు పరిగెత్తి, వేగం కలిశాక కడ్డీ పట్టుకుంటాడు చూడండి, ఆ రింగు గేరు చేత అదే పని చేయిస్తుంది. 1928లోనే అమెరికాలో కాడిలాక్ కార్లకి పెట్టారట ఈ ఏర్పాటు. మన లారీల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

మీ బండిలో గేరు మెత్తగా పడుతోందంటే ఆ ఇత్తడి రింగు పుణ్యం. కానీ ఆ రింగు ఒక వేగాన్ని ఇంకో వేగంతో కలపగలదు గానీ, ఇంజినుతో కుస్తీ పట్టి గెలవలేదు. క్లచ్చి పూర్తిగా విడవనంత కాలం గేర్‌బాక్సు లోపలి షాఫ్టుని ఇంజిను తిప్పుతూనే ఉంటుంది. తిరుగుతున్న షాఫ్టు మీద మీరెంత బలంగా రాడ్డు తోసినా గేరు పడదు. పడినా గర్రుమని ఏడుస్తుంది.

ఇదే మా మేస్త్రి పట్టుకున్న ముడి. డ్రైవరు చెమటలు కక్కుతూ వచ్చి "గేరు పడ్డం మానీసింది మేస్త్రీ" అంటే, ఆయన బల్ల మీంచి లేవకుండానే అనేవాడు: "ఇంజిను ఆపు. ఇప్పుడు వేసి చూడు." ఒకటీ, రెండూ, మూడూ, రివర్సూ అన్నీ సుబ్బరంగా పడ్డాయంటే, "గేర్‌బాక్సు తప్పు లేదు బాబూ, క్లచ్చి విడవడం లేదు" అనేవాడు. ఇంజిను ఆపినా పడకపోతే అప్పుడు లేచేవాడు. అంటే రోగం రాడ్డు దగ్గరో, దాని కింద లింకు దగ్గరో, లోపలి ఫోర్కుల దగ్గరో ఉంది. అర నిమిషం పని, పైసా ఖర్చు లేదు. సగం సామాన్ని అక్కడికక్కడే పక్కన పెట్టీవచ్చు.

ఆ అర నిమిషానికి అంత విలువెందుకో మీకు తెలీదు, ఎందుకంటే మీరు జాకీ ట్రాలీ మీద గేర్‌బాక్సు దించడమే చూశారు. ఆ రోజుల్లో లారీ కింద గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా పడుకునేవాళ్లం. ఛాసిస్ మీంచి తాడేసి ఒకడు పట్టుకునేవాడు. కిందున్న ఇద్దరం బోల్టులు విప్పి ఆ బరువుని చేతుల మీదా గుండె మీదా ఆపుకుని దించేవాళ్లం. నూనె కారి చెవుల్లోకి పోయేది. ఎక్కించేటప్పుడు ఇంకా కష్టం, షాఫ్టు పళ్లు క్లచ్చి ప్లేటు పళ్లతో కలిసేదాకా ఆ బరువుని అలా పట్టుకునే ఉండాలి. ఇంత చేసి తెరిచి చూస్తే లోపల ఏ పాపమూ లేదనుకోండి. మన ఒళ్లు నొప్పులు తగ్గుతాయి. బండివాడి కూలి పోయింది, కిస్తీ దాటింది, సరుకు కుళ్లింది. ఒకసారి మా పక్క షెడ్డువాళ్లు ఒక చేపల వేనుకి ఇలాగే గేర్‌బాక్సు దించి, మూడు పూటలు వీధిలో నిలబెట్టారు. చివరికి చూస్తే కింద సిలిండరు కారుతోంది. ఆ బండాయన మా షెడ్డు ముందు కూర్చుని ఏడిచాడు. మేస్త్రి ఆ రోజు మమ్మల్నందర్నీ పిలిచి, "ఇంజిను ఆపి అడక్కుండా నా షెడ్డులో ఎవడు బోల్టు తిప్పినా వాడు రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. ఆయన గొంతు పెంచడం నేను చూసింది అప్పుడే.

ఇంజిను ఆపినా గేరు పడని కేసులు కొన్ని చెప్తాను. ఉక్కు ఫ్యాక్టరీకి 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసినా, పనులు ఊపందుకుని గాజువాక లారీల ఊరైపోయింది తర్వాతే. కాంట్రాక్టర్ల జీపులు మట్టిలో, ఎండలో రాత్రీ పగలూ తిరిగేవి. వాటిలో పాతవాటికి ఒక జబ్బుండేది. లోపలి ఫోర్కులు అరిగి, రెండు గేర్లు ఒకేసారి పడిపోయేవి. బండి ముందుకీ పోదు, వెనక్కీ రాదు, రాడ్డు మాత్రం చేతిలో ఊరికే అటూఇటూ ఊగుతుంది. కొత్తవాళ్లు గేర్లు విరిగిపోయాయని గుండె బాదుకునేవారు. గేర్‌బాక్సు పైమూత తీసి, స్క్రూడ్రైవరుతో ఫోర్కుల్ని ఒక్కొక్కటిగా న్యూట్రల్లోకి జరిపితే బండి కదిలేది. అరిగిన ఫోర్కు తర్వాత తీరిగ్గా మార్చుకోవచ్చు.

ఇప్పటి బళ్లలో రాడ్డుకీ గేర్‌బాక్సుకీ మధ్య లింకులు, వాటి చివర ప్లాస్టిక్ బుష్షులు ఉంటాయి. అవి అరిగితే రాడ్డు వదులైపోయి కొన్ని గేర్లు దొరుకుతాయి, కొన్ని దొరకవు. కిందికి దూరి లైటేసి చూస్తే తెలిసిపోద్ది. దీనికి ఇంతకన్నా కథ లేదు.

అసలు కథంతా రెండో వైపే. ఇంజిను ఆపితే గేరు పడుతుంది, ఆన్ చేస్తే పడదు. అప్పుడు ఎక్కడ మొదలెట్టాలి? కాలి దగ్గర్నించి మొదలెట్టి వెనక్కి పోవాలి. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్లో నూనె నొక్కుకుంటుంది. ఆ నూనె గొట్టం గుండా పోయి గేర్‌బాక్సు పక్కనున్న చిన్న సిలిండర్ని తోస్తుంది. దాని కడ్డీ ఫోర్కుని తోస్తుంది. ఫోర్కు బేరింగుని తోస్తే ప్రెషర్ ప్లేటు వెనక్కి లేచి క్లచ్చి ప్లేటు విడుస్తుంది. ఈ దారిలో ఎక్కడ తోపు ఆగిపోయిందో అక్కడుంది రోగం. ముందు డబ్బాలో నూనె చూడాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. పెడల్‌ని గబగబా నాలుగు తొక్కులు తొక్కి, అప్పుడు గేరు పడితే నూనెలో గాలి చేరింది, లేదా లోపల రబ్బర్లు అరిగాయి. తర్వాత ఒకణ్ణి పెడల్ మీద కూర్చోబెట్టి, కిందున్న సిలిండర్ కడ్డీ ఎంత కదుల్తోందో కళ్లారా చూడాలి.

ఈ రబ్బర్ల దగ్గర ఒక సంగతి చెప్పాలి, ఇప్పటికీ ఈ తప్పు జరుగుతోంది. ఎనభైల్లో జపానోళ్లతో కలిసి చిన్న ట్రక్కులు వచ్చాయి. స్వరాజ్ మజ్దా, డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు జహీరాబాద్‌లో చేసిన ఆల్విన్ నిస్సాన్. 1986లో టాటా 407 వచ్చింది. మా వయసు మెకానిక్కులకి అవి ఒక్కసారిగా మీద పడ్డాయి. అప్పుడొక చిన్న ట్రక్కాయన, దార్లో క్లచ్చి నూనె తగ్గితే, నూనె నూనే కదా అని ఇంజినాయిలు పోసీశాడు. రెండు రోజులు బాగానే తిరిగింది. తర్వాత పెడల్ కిందికి పోయి అక్కడే ఉండిపోయింది. సిలిండరు విప్పాం. మేస్త్రి లోపలి రబ్బరు కప్పు బయటికి లాగి నా అరచేతిలో పెట్టాడు. కొత్త రబ్బరు అంచు పల్చగా, కత్తిలా ఉంటుంది. ఇది ఉబ్బిపోయి, అంచు మందమై, వేలితో నొక్కితే జిగటగా మెత్తబడి ఉంది. సిలిండర్లోంచి వచ్చిన ముక్కే, మళ్లీ ఆ సిలిండర్లోకి దూరలేదు! మేస్త్రి ఆ సిలిండర్ని కిరసనాయిల్లో కడగనివ్వలేదు. కిరసనాయిలు తగిలినా ఆ రబ్బరు అలాగే పాడవుతుందని చెప్పి, కొత్త కిట్టు తెప్పించి, గొట్టమంతా బ్రేకాయిలుతోనే కడిగించాడు. క్లచ్చిలో పోసేది బ్రేకాయిలే. మూత మీద ఏది రాసుంటే అదే పొయ్యండి.

ఇక హుద్‌హుద్ తుపాను సంగతి. మీలో కొందరప్పుడు గుంటలు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకి 180 కిలోమీటర్ల గాలి అన్నారు. నేను ఇంట్లో తలుపుకి రోలు అడ్డం పెట్టి కూర్చున్నాను. గాలి తగ్గాక బయటికొస్తే నాకు తెలిసిన కొండ కాదది. పచ్చటి యారాడ కొండ ఒక్క పూటలో ఆకు లేకుండా మోడైపోయింది. స్తంభాలు పడిపోయాయి, కరెంటు లేదు, ఫోను లేదు, ఘాటీ మీద చెట్లు అడ్డం. సముద్రం మీంచి లేచిన ఉప్పునీటి తుంపర అన్నిటి మీదా పేరుకుపోయింది. ఇంటి గోడ నాకినా ఉప్పే.

మన వీధి కుర్రాడొకడు అప్పుడే అప్పు చేసి పికప్పు కొనుక్కున్నాడు, చేపలు తోలడానికి. తుపానుకి ముందు దాన్ని తోటలో టార్పాలిన్ కప్పి పెట్టాడు. దార్లన్నీ బాగై, డీజిలు దొరికి, బండి తీసేసరికి వారాలు గడిచాయి. ఇంజిను చక్కగా స్టార్టయింది. గేరు మాత్రం ఒక్కటీ పడలేదు. ఊళ్లోంచి ఎవరో మెకానిక్కుని బైకు మీద తీసుకొచ్చారు. అతను రెండుసార్లు గర్రుమనిపించి, గేర్‌బాక్సు పోయింది, దించాలి, లాక్కొచ్చీండి అని చెప్పి పోయాడు. లాక్కుపోవడానికి కిరాయి, దించడానికి కూలి, సామాన్లకి డబ్బు, నెలాఖర్న కిస్తీ. వాళ్లమ్మ నా దగ్గరికొచ్చి, "మావా, ఓపాలి సూడవా" అంది.

నా మోకాళ్లు అప్పటికే అరిగాయి. స్టూలు వేయించుకుని బండి పక్కన కూర్చున్నాను. "ఇంజిను ఆపరా. వెయ్యి." ఒకటి పడింది. రెండు, మూడు, నాలుగు, ఐదు, రివర్సు, అన్నీ పడ్డాయి, వెన్నలాగ. "స్టార్ట్ చెయ్యి." గర్రు. పెడల్ గబగబా తొక్కించాను. మార్పు లేదు. డబ్బాలో నూనె నిండుగా ఉంది. అప్పుడింక తప్పక, స్టూలు దిగి కింద పడుకుని లైటేశాను. "తొక్కు" అన్నాను. సిలిండర్ కడ్డీ ఫోర్కుని నిండుగా తోసింది. "వదులు." వెనక్కొచ్చింది. మళ్లీ తొక్కించాను, చెయ్యి పెట్టి చూశాను. కాలి తోపు ఫోర్కు దాకా వస్తోంది. ఇంక మిగిలింది లోపలే.

లోపల ఏటవ్వొచ్చు? ప్రెషర్ ప్లేటు వేళ్లు విరగొచ్చు. షాఫ్టు కొసకుండే చిన్న పైలట్ బేరింగు పట్టీవొచ్చు. క్లచ్చి ప్లేటు ఫ్లైవీలుకి తుప్పుతో అతుక్కుపోవచ్చు. తెరవకుండా ఏదని ఎలా చెప్తాం? అప్పుడు బండిని కాదు, బండివాణ్ణి అడగాలి. "తుపానుకి ముందు రోజు ఎలాగుందిరా?" "బాగుంది తాతా, ఘాటీ ఎక్కి దిగాను." "చప్పుడేటైనా?" "లేదు." బేరింగు పట్టేముందు చాలామట్టుకు కొన్నాళ్లు కూస్తుంది, గేరు కొద్దికొద్దిగా మొరాయిస్తుంది. బాగున్న బండి నిలబెడితే బాగుండి, తీస్తే పాడైందంటే, నిలబడి ఉన్నప్పుడే ఏదో జరిగింది. ఇన్ని వారాల ఉప్పు తేమలో ఇనుముకి ఏం జరుగుతుందో యారాడలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చెప్పేది చెవి పెట్టి వినండి, ఇందులో ప్రమాదం ఉంది. ఇంజిను వేడెక్కేదాకా న్యూట్రల్లో ఉంచి ఆపించాను. ముందు వాలు లేకుండా, మలుపు లేకుండా, పొడుగ్గా ఖాళీగా ఉన్న చోటికి బండిని తోయించాను. పిల్లల్ని, కోళ్లని, చూడ్డానికొచ్చినవాళ్లని అందర్నీ వెనక్కి పంపించాను. బ్రేకు బాగా పడుతోందా అని చూశాను. అప్పుడు రెండో గేరులో వేయించి, క్లచ్చి నేలకి తొక్కి పట్టమని, తాళం తిప్పమన్నాను. క్లచ్చి బాగుంటే బండి కదలకూడదు. కాలు పెడల్ మీదే ఉంది, బండి మాత్రం స్టార్టరుతో పాటే ముందుకి ఉరికింది. అతుక్కుందని అదే సాక్ష్యం. "కాలు తియ్యకు. యాక్సిలరేటర్ తొక్కి టక్కుమని వదులు, మళ్లీ తొక్కు, వదులు. విడవకపోతే ఇంజిను ఆపీసి బ్రేకు నొక్కు" అని ముందే పాఠం చెప్పి పంపాను. కొన్ని కుదుపులయ్యాక ఫట్‌మని చప్పుడొచ్చింది, ఇంజిను ఒక్కసారిగా తేలిగ్గా పైకి లేచింది, బండి దాని పాటికది మెల్లబడింది. ప్లేటు విడిచింది. తర్వాత వాడిచేత క్లచ్చిని మెల్లగా పట్టిస్తూ వదిలిస్తూ కొంతదూరం నడిపించి ఆ తుప్పు రాల్పించాను.

అప్పుడు కూడా విడవకపోతే గేర్‌బాక్సు దించమనే చెప్దును. దించడం తప్పని నేనెప్పుడూ అనలేదు. దించాల్సిన రోజుంటుంది, ఆ రోజు దించాలి. నాకు కడుపు మండేదెక్కడంటే, బండి కింద తల పెట్టకుండా, డబ్బా మూత తియ్యకుండా, ఆ కుర్రాణ్ణి ఒక్క ప్రశ్న అడక్కుండా, వాడి మూడు నెలల సంపాదన ఖర్చు పెట్టించే మాట నోటంట ఎలా వస్తుందా అని. వాళ్ల ఇంట్లో ఆ నెల పొయ్యి ఎలా వెలుగుతుందో మెకానిక్కు ఆలోచించాలి. మా మేస్త్రి ఆలోచించేవాడు. ఎవరి బండి వచ్చినా ముందు అడిగేది "ఇవాళ లోడుందా?" అని. లోడుంటే ఆ లోడు దిగే ఏర్పాటు చేశాకే బండి సంగతి చూసేవాడు.

ఇదంతా ఇవాళెందుకు ఎత్తానంటే, క్లచ్చి ప్లేటు అలా అతుక్కోవడానికి మీకు హుద్‌హుద్ అక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఒకప్పుడు 47 రోజులుండేది, ఇప్పుడు 61. బోట్లు రేవులో కట్టేస్తే మీ పికప్పుల్లో సగం ఇక్కడే, ఈ ఉప్పుగాలిలో నిలబడతాయి. జూన్ 15 పొద్దున్న గేరు పడలేదని నా తలుపు కొట్టేవాళ్లు మొన్నటి దాకా ఉన్నారు. వారానికోసారి తీసి వీధి చివరి దాకా తిప్పి తెండి, దాన్ని మించింది లేదు. డీజిలు దండగనుకుంటే, క్లచ్చి పెడల్ కిందికి నొక్కి, పెడల్‌కీ సీటుకీ మధ్య ఒక కర్ర బిగించి ఉంచండి. ప్లేటు ఫ్లైవీలుని తాకకుండా ఉంటుంది. నెలల తరబడి నిలబెట్టే లారీలకి మా షెడ్డులో అలాగే చేసేవాళ్లం. హ్యాండుబ్రేకు లాగి వదిలీకండి, అదీ పట్టీస్తుంది. చక్రాలకి రాళ్లు పెట్టండి. డబ్బాలో బ్రేకాయిలు గాల్లో తేమని పీల్చుకుంటుంది, మన ఊళ్లో మరీను, కాబట్టి రెండేళ్లకోసారి మార్పించండి. ఇంకోటి, కర్ర పెట్టినట్టు ఒక చీటీ రాసి స్టీరింగుకి కట్టండి. మీరు లేనప్పుడు తమ్ముడో బావమరిదో ఎక్కి, కర్ర చూసుకోకుండా తాళం తిప్పితే కష్టం.